మూడు వేళ్ళ ఎత్తు

అమ్మకి,

నీ పెద్దమ్మాయి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ, తమ్ముడూ, మరదలూ కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. "కులాసా" అని రాసి కాసేపు కలం పక్కన పెట్టేశాను. అది అబద్ధం కాదు. అలాగని పూర్తిగా నిజమూ కాదు. చదువుతూ పో, నీకే తెలుస్తుంది. మధ్యలో కంగారుపడి తమ్ముణ్ణి బస్సెక్కించి పంపకు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింటి గోడ చెమ్మ తగ్గలేదు. సున్నం వేయిస్తాను, వేయిస్తాను అంటూనే ఇంటావిడ రోజులు గడిపేస్తోంది. పాపకి ముందు పన్ను ఊడింది. అప్పటినుంచీ అద్దం ముందునుంచి కదలదు. నా దగ్గు పోయింది. నువ్వు పంపిన నూనె సీసా పగలకుండా చేరింది. మూత దగ్గర కొంచెం కారి, నువ్వు చుట్టిన పాత చీర ముక్కంతా తడిసింది. ఆ ముక్కని ఇంకా ఉతకబుద్ధి కాలేదు.

ఇక అసలు ప్రశ్న. "అల్లుడుగారి మడమ నరం పట్టేసిందని పిన్ని చెప్పింది, నా దగ్గర దాచావేమే, వచ్చేవారం ఎముకలు కట్టే ఆయన్ని వెంటబెట్టుకుని వస్తున్నాను" అని రాశావు. అమ్మా, నీకు పుణ్యముంటుంది, ఆయన్ని తీసుకురాకు. నువ్వు రా, నీ ఇష్టమైనన్నాళ్ళు ఉండు. ఆయన్ని మాత్రం వద్దు. ఎందుకంటే అదంతా మొదటినుంచీ చెప్పుకుంటూ రావాలి. ఒక్కసారిగా చెప్పే ధైర్యం నాకు లేదు.

నీ అల్లుడి పని నీకు తెలిసిందే. పెద్ద బట్టల కొట్టు, అందులో మగవాళ్ళ విభాగం. అమ్మకాలు ఎలాగూ చేస్తారు గానీ, ఆయన ప్రాణమంతా షోకేసు మీదే. రోడ్డువైపు అద్దాల గదిలో బొమ్మల్ని నిలబెట్టి బట్టలు తొడగాలి. బొమ్మకి కోటు వేయాలంటే చేతులు ఊడదీసి, వేశాక మళ్ళీ బిగించాలి. అప్పుడు చూడాలి ఆయన్ని. పెదాల మధ్య గుండుసూదులు, చంకలో బొమ్మ చెయ్యి, లోకం పట్టదు. నేను ఇంట్లో కూర్చుని ఆ కొట్టుకే ప్యాంట్ల అంచులు కుడతాను కదా, అక్కడి సంగతులు సగం నా చేతుల మీదుగానే వెళ్తాయి.

ఈ ఏడు కొత్తరకం ప్యాంట్లు వచ్చాయి, పొడుగ్గా, కింద వెడల్పుగా. ఆడబొమ్మల పాదాలు మునివేళ్ళ మీద లేచి ఉంటాయి, హీల్స్ తొడగడానికి వీలుగా. మగబొమ్మల పాదాలేమో పలకల్లా నేలకి అంటుకుపోయి ఉంటాయి. ఆ ప్యాంటు తొడిగితే పాదం మీద బట్టంతా ముడతలు పడి కూర్చుంటోంది. ఈయన బొమ్మ మడమల కింద చెక్కముక్కలు పెట్టి చూశారట. ఇస్త్రీ మడత నడుము నుంచి నేల దాకా గీత గీసినట్టు దిగిందట. ఆ సాయంత్రం చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టారు. "ఏమోయ్, మగాడు హీల్స్ ఎందుకు వేసుకోకూడదంటావ్? అసలు పూర్వం గుర్రాలెక్కే మగవాళ్ళ కోసమే పుట్టాయట ఇవి!"

"వెయ్యండి, బొమ్మకేగా" అన్నాను, దారం తెంపుతూ.

బొమ్మకి కాదమ్మా, తనకి. మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్ళి పాదాలు కొలిపించుకుని వచ్చారు. మడమ ఎంత ఎత్తు కావాలో ఆయన వేళ్ళతోనే కొలుస్తాడు. మూడు వేళ్ళ ఎత్తు ఖాయం చేసుకున్నారు. "సన్న మడమ మీ బరువుకి ఆగదు సార్, లావుగా పెడతా" అన్నాడట. నల్ల తోలు, ముందు కాస్త కోసుగా. పెట్టెలోంచి తీసి బల్లమీద పెట్టారు.

"ఎందుకండీ ఇవి?" అన్నాను.

"బాగున్నాయి కదా" అన్నారు.

అంతే. ఇంకో కారణం చెప్తారేమోనని చాలా రోజులు ఎదురుచూశాను. ఆయన పొట్టివారు కాదు. నడుం నొప్పి లేదు. ఎవరితోనూ పందెం కట్టలేదు. బాగున్నాయి, వేసుకుంటాను, అంతే. నా భయమంతా ఆ మాటతోనే. కారణమంటూ ఉంటే నలుగురికీ చెప్పుకోవచ్చు. ఇష్టం అని ఎవరితో చెప్పను? ఆయన ధీమా ఆయనది. "ఒకరోజు వేసుకుంటే వేషం అంటారు. రోజూ వేసుకుంటే వీడింతే అంటారు. పదిమంది వేసుకున్నాక ఇంక అనడానికి ఎవరూ మిగలరు. ఎవరో ఒకరు మొదలుపెట్టాలిగా!" మొదలుపెట్టేది మా ఇంట్లోంచే కావాలా అని నా ఏడుపు.

ఆయన ప్యాంట్లన్నిటి అంచులూ విప్పి కిందికి దించి కుట్టాను. మొదటిరోజు కిటికీ తెర వెనక నిలబడి చూశాను. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. ఎవడో ఈల వేశాడు. ఈయన ఈల వచ్చినవైపు తిరిగి, చెయ్యెత్తి పలకరించి మరీ వెళ్ళారు! నాకు తల కొట్టేసినట్టయింది. కొట్టులో యజమాని ఈయన కాళ్ళవైపు చూసి, మొహంవైపు చూసి, లోపలికి వెళ్ళిపోయారట. అది విన్నాక నాకు ఆ వారమంతా కంటిమీద కునుకు లేదు. ఆయన అడుగు బయటపెట్టిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదాన్ని. ఉద్యోగం పోతుందా, ఎవడైనా చెయ్యి చేసుకుంటాడా, పాపని బళ్ళో ఏడిపిస్తారా, ఇవే ఆలోచనలు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అంతా మారిపోయింది. ఈలలు ఆగిపోయాయి. బస్సులో లేచి చోటివ్వడం మొదలుపెట్టారు. మెట్లు దిగుతుంటే ఇంటావిడ "మెల్లగా బాబూ, మెల్లగా" అని తన వాకిట్లో తడి తుడిచింది. కొట్టులో యజమాని ఆయన కోసం ప్రత్యేకంగా కుర్చీ వేయించారు. ఆయన సంబరం చూడాలి! "చూశావా? నేను చెప్పలే? మనుషులు చెడ్డవాళ్ళు కాదోయ్, కాస్త అలవాటు పడనివ్వాలంతే. మా మీసాల గుమాస్తా నా కాళ్ళ వంక ఎలా చూస్తున్నాడనుకున్నావు! ఇవాళో రేపో వాడూ కుట్టించుకుంటాడు, రాసిపెట్టుకో."

పాపని ఎత్తుకుని గిరగిరా తిప్పారు. అది పన్నూడిన నోటితో ఒకటే నవ్వు. ఇంట్లో నవ్వలేకపోయినదాన్ని నేనొక్కదాన్నే. ఎందుకో ఇప్పుడే అడగకు, వస్తున్నాను అక్కడికి.

తర్వాత వారం ఆయన మొహం వేలాడేసుకుని వచ్చారు. షోకేసు పని ఆయన దగ్గర్నుంచి తీసేసి కొట్టులో దర్జీకి ఇచ్చారట. "నువ్వు ఆ షోకేసు మెట్టెక్కి దిగి శ్రమపడకు నాయనా, కూర్చుని చేసే పని చూసుకో" అని యజమాని భుజంమీద చెయ్యి వేసి మరీ చెప్పారట. దర్జీకి కుట్టడం వచ్చుగానీ నిలబెట్టడం రాదు. బొమ్మకి కోటు గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టి, ఎడమ చెయ్యి వెనక్కి తిప్పి బిగించాడట. రోజూ పని అయ్యాక ఈయన రోడ్డు అవతల నిలబడి ఆ అద్దంవైపే చూసి వచ్చేవారు. సరిగ్గా తినడం మానేశారు. "నేనేం తప్పు చేశానే? హీల్స్ నచ్చకపోతే మొహంమీదే అనొచ్చుగా. అంత ప్రేమగా మాట్లాడుతూ పని లాక్కుంటారేంటి? బుర్ర పాడైపోతోంది నాకు" అనేవారు. ఎందుకు తీసేశారో నాకు తెలుసు. తెలిసి నోరు విప్పలేక, మింగలేక కక్కలేక చచ్చాను.

సరిగ్గా అప్పుడే, ఆయన మడమకి రాయమని నువ్వు పంపిన నూనె సీసా వచ్చింది. పెద్ద గిన్నెల వెనక దాచాను. ఆయన అగ్గిపెట్టె కోసం వెతుకుతూ దాన్ని బయటికి తీశారు.

"ఇదేం నూనె?"

"నాకేనండీ. నడుం పట్టేస్తుంటే అమ్మ పంపింది" అన్నాను. చూశావా, ఎంత సులువుగా వచ్చేసిందో.

ఆయన నూనె కాస్త వెచ్చచేసి తెచ్చి, నన్ను పీటమీద కూర్చోబెట్టి నడుముకి రాయడం మొదలుపెట్టారు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం? నా ప్యాంట్ల అంచులన్నీ విప్పి కుట్టావు కదా, వంగి వంగి. నా మూలంగానే వచ్చింది నీకీ నొప్పి" అన్నారు. తన బాధ తనకుండగా నా లేని నొప్పికి బాధపడుతున్నారమ్మా! ఇంక ఆపుకోలేకపోయాను. భోరుమని ఏడ్చేశాను. నొప్పి ఎక్కువైందేమోనని ఆయన చెయ్యి తీసేశారు.

ఆయనకి చెప్పిందే ఇప్పుడు నీకూ చెప్తున్నాను. ఆయన కాళ్ళకి ఏమీ కాలేదమ్మా. మడమ నరమూ లేదు, మందూ లేదు, డాక్టరూ లేడు. ఆ జబ్బు నేను పుట్టించింది.

నీళ్ళు పట్టుకునే దగ్గర ఒకరోజు అందరూ ఉండగా ఇంటావిడ అడిగేసింది, "మీ ఆయనకి ఆ చెప్పులేంటమ్మా, మతి గానీ..." అని. పక్కన ఇద్దరు నోళ్ళకి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాకు నోరు జారింది. "మడమ నరం పట్టేసిందండీ. డాక్టరే ఎత్తు చెప్పులు వేసుకోమన్నాడు" అన్నాను. అప్పటిదాకా నవ్వినవాళ్ళంతా "అయ్యో పాపం" అన్నారు. ఆ పాపం ఎంత చల్లగా తగిలిందో చెప్పలేనమ్మా. అన్నాళ్ళుగా గుండెలమీద ఉన్న బరువు ఒక్క మాటతో దిగిపోయింది. మర్నాడు దర్జీ భార్య ఏమీ అడగలేదు. నా అంతట నేనే చెప్పాను. ఈసారి నోరు జారిందని ఎలా అనను? ఆవిడ దర్జీకి, దర్జీ యజమానికి చెప్పారు. పిన్ని ఆమధ్య వచ్చినప్పుడు ఇంటావిడ ఆమె చెవిన వేసింది. పిన్ని నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసుగా. అలా నీ దాకా వచ్చింది.

అన్నిటికంటే ఘోరం, మీసాల గుమాస్తా ఒకరోజు ఆయన లేనప్పుడు ఇంటికి వచ్చాడు. "అమ్మా, ఆ డాక్టరుగారి చిరునామా ఇస్తారా? నాకూ మోకాళ్ళ నొప్పులు. ఆయనేమో, బాగున్నాయి కాబట్టి వేసుకుంటున్నానని తిక్క సమాధానం చెప్తున్నారు, పాపం జబ్బు దాచుకుంటున్నారు" అన్నాడు. డాక్టరు ఊరు వదిలి వెళ్ళిపోయాడని చెప్పి పంపించేశాను. ఈయనేమో అతను ముచ్చటపడి చూస్తున్నాడని మురిసిపోయారు!

అంతా విన్నాక ఆయన అడిగారు.

"అంటే, ఆ కుర్చీ?"

"అవునండీ."

"బస్సులో సీటు?"

"అదీ అంతేనండీ."

"నేను నడిచిన దారంతా జాలేనన్నమాట."

చేతికున్న నూనె తుడుచుకున్నారు. తిట్టలేదు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది. "వాళ్ళ సంగతి వదిలెయ్. నీ కళ్ళకి ఎలా ఉన్నాయి అవి?" అన్నారు.

"అది కాదండీ, నలుగురూ ఏమనుకుంటారోనని..."

"నలుగుర్నీ అడగలేదు" అని లేచి అవతలికి వెళ్ళిపోయారు.

మర్నాడు పాత బూట్లు తీసి దుమ్ము దులిపి వేసుకుని వెళ్ళారు. సాయంత్రం వచ్చి పాప పక్కన కూర్చుని, "నాకు నయమైపోయిందట" అన్నారు. కొట్టులో అందరూ చప్పట్లు కొట్టారట. యజమాని అందరికీ టీలు తెప్పించారట. ఆ డాక్టరు ఎవరో గానీ దేవుడన్నారట. షోకేసు మళ్ళీ ఈయనకే అప్పగించారట. ఇదంతా నవ్వుతూనే చెప్పారు. ఆ నవ్వు చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. చివరికి ప్యాంట్లన్నీ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "అంచులు మళ్ళీ పైకి కుట్టెయ్. నేలమీద జీరాడుతున్నాయి" అన్నారు.

నేను కోరుకున్నది ఇదే కదమ్మా! ఉద్యోగం భద్రంగా ఉంది, షోకేసు తిరిగొచ్చింది, వీధిలో ఈలలు లేవు. నిశ్చింతగా సూది తీసుకుని కూర్చోవాలి. మర్నాడు పొద్దున కూర్చున్నాను కూడా. కిటికీలోంచి ఆయన వెళ్ళడం కనిపించింది. వేలాడే అంచుల్ని రెండు చేతులతో పైకి పట్టుకుని, తలొంచుకుని, బురద దాటుతున్నారు. టీ కొట్టు దగ్గర ఎవరో "తగ్గిందా సార్?" అని అడిగితే తలూపారు. ఆ హీల్స్ వేసుకున్న రోజుల్లో ఆ మనిషి నడక ఎంత సొగసుగా ఉండేదో నాకు అప్పుడు గుర్తొచ్చింది. తెర వెనక దాక్కుని రోజూ చూసినదాన్ని, నాకు తెలీదా? భయంతోపాటు మురిపెం కూడా ఉండేది. ఆ మురిపాన్ని ఎవరికీ కనపడనివ్వలేదు, ఆయనకి కూడా.

ప్యాంట్లు మంచంమీద పడేశాను. హీల్స్ సంచిలో వేసుకుని కొట్టుకి బయల్దేరాను. నిన్నటి సంగతే ఇది. దారిపొడుగునా వెనక్కి తిరిగిపోదామనే అనుకున్నాను. నీకు తెలుసుగా, గుంపులో నా గొంతు పెగలదు.

ఆయన షోకేసులో ఉన్నారు. నన్ను చూసి ఏమైందోనని గుండుసూదులు ఉమ్మేసి బయటికి వచ్చారు. యజమాని కౌంటరు దగ్గర, గుమాస్తా ఆయన పక్కన, కొనడానికి వచ్చినవాళ్ళు ఇంకో పక్కన. నేను యజమాని ముందుకి వెళ్ళి నిలబడ్డాను.

"అయ్యా, మా ఆయనకి ఏ జబ్బూ లేదండీ. ముందూ లేదు, ఇప్పుడు తగ్గడానికీ ఏమీ లేదు. ఆ మాట నేను పుట్టించాను. ఆయనకి తెలీదు."

"మరి ఎందుకు వేసుకున్నట్టమ్మా అవి?" అన్నారు యజమాని.

"బాగున్నాయనండీ."

"ఎవరికి బాగున్నాయి?" ఆయన గొంతు పెరిగింది. "నాలుగు రోజులు జబ్బని ఊరుకున్నాం. జబ్బు లేకుండా మగాడు ఆ చెప్పులేసుకుని పదిమందిలో తిరిగితే, భార్యగా మీకు సిగ్గుగా లేదూ?"

అబద్ధం మాత్రం ఇంక ఒక్కటి కూడా ఆడదలుచుకోలేదు.

"ఉందండీ. సిగ్గుగానే ఉంది. ఇప్పుడు కూడా ఉంది. అయినా అవి ఆయనకి బాగున్నాయి. నా కళ్ళకి చాలా బాగున్నాయి" అన్నాను.

ఈయన వచ్చి నా చేతిలో సంచి తీసుకున్నారు. కొనేవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుని, బూట్లు విప్పి, హీల్స్ తొడుక్కుని లేచారు. వేలాడుతున్న ప్యాంటు అంచు సరిగ్గా వచ్చి నిలిచింది. గుమాస్తా దిగాలుగా, "అయితే డాక్టరు లేనే లేడా అమ్మా? మరి నా మోకాళ్ళు?" అన్నాడు. ఎవరో ఫక్కున నవ్వారు. అది ఆయన్ని చూసి నవ్విన నవ్వో, గుమాస్తాని చూసి నవ్విన నవ్వో నాకు తెలీదు.

యజమాని నవ్వలేదు. "సోమవారం మాట్లాడదాం" అని లోపలికి వెళ్ళిపోయారు. రేపే సోమవారం. ఉద్యోగం ఉంటుందో, ఊడుతుందో, షోకేసు మళ్ళీ పోతుందో ఏమీ తెలీదమ్మా. ఇవాళ కొట్టుకి సెలవు. ఆయన పాపని తీసుకుని బజారుకి వెళ్ళారు, అవే వేసుకుని. వీధిలో ఈల మళ్ళీ మొదలైంది. అయినా ఈసారి తెర వెనక నిలబడలేదు. వాకిట్లోకి వచ్చి, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూశాను. ఇంటావిడ నన్ను ఎగాదిగా చూసి తలుపు వేసుకుంది. ఇంక గోడకి సున్నం సంగతి మరిచిపోవాల్సిందే.

భయం పోలేదమ్మా, పోయిందని రాస్తే అదీ అబద్ధమే. నాకు నీతో ఒక్క పని ఉంది. పిన్నికీ, తమ్ముడి అత్తవారికీ, ఎముకలు కట్టే ఆయనకీ, ఇంకా ఎవరెవరికి చెప్పావో వాళ్ళందరికీ నువ్వే వెళ్ళి మళ్ళీ చెప్పాలి. అల్లుడికి జబ్బు లేదు, బాగున్నాయని వేసుకుంటున్నాడు అని. వాళ్ళు ముక్కున వేలేసుకుంటారు, నీకు తలెత్తుకోలేనట్టు ఉంటుంది, నాకు తెలుసు. నా మీద ఎంత కోపం వచ్చినా సరే, ఎవరేమన్నా సరే, ఆయనకి నయమైందని మాత్రం ఎవరితోనూ అనకు.

ఇట్లు,
కోప్పడినా సరే, వెంటనే జవాబు రాయమని వేడుకుంటూ,
నీ పెద్దమ్మాయి